రాసుకునే పొద్దు ఎవరిది?

రచయిత కావాలనుకునే వాళ్ళకు పెద్దలు చెప్పే మాటలు రెండే. రోజూ ఒకే వేళకు కూర్చుని రాయమంటారు. నీ మీద నువ్వు నమ్మకం పెట్టుకోమంటారు. రెండూ మంచి మాటలే. కాని మా వాడల నుంచి వచ్చిన వాళ్ళకు ఈ రెండు మాటల కంటె ముందు ఒక ప్రశ్న అడ్డం నిలబడుతుంది. ఆ వేళ ఎవరిది? నేను కాయితం ముందు కూర్చున్న గంటసేపు నా వంతు పని ఎవరి మీద పడుతున్నది? ఇది తేల్చకుండ అలవాటు గురించి, ఆత్మవిశ్వాసం గురించి ఎంత మాట్లాడినా ఆ మాటలు మా గడప దాటి లోపలికి రావు.

1992లో మేం ఊరిడిసి పట్నం వచ్చినం. హైదర్‌గూడలో మా అవ్వ నాలుగిండ్లల్ల పాచిపని చేసేది. తెల్లారగట్ల ఐదింటికి పోతే వాకిళ్ళు ఊడ్చి, బోళ్ళు తోమి, బట్టలు పిండి పదకొండింటికి వచ్చేది. ఆ ఇండ్లల్ల ఒకాయన పొద్దున్నే వరండాలో కూర్చుని కథలు రాసేవాడు. "ఆయన రాస్తాంటె చీపురు సప్పుడు గూడ రావొద్దంటది ఇంటామె. ఆయన లేసెదాంక గోడకానుకొని నిలబడ్త" అని అవ్వ చెప్పి నవ్వేది. ఆయన మంచి రచయితే కావచ్చు. రోజూ ఒకే వేళకు రాసే నియమమూ గొప్పదే కావచ్చు. ఆ నియమం కోసం మా అవ్వ చీపురు చేతపట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డ సంగతి మాత్రం ఏ ముందుమాటలోనూ అచ్చుకాదు.

వర్జీనియా వుల్ఫ్ 1929లో ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’ అచ్చేసింది. ఆడది రాయాలంటే ఏడాదికి 500 పౌన్ల రాబడి, తనదంటూ ఒక గది కావాలన్నది. ఆ మాట అన్నందుకు నాకు ఆమె మీద గౌరవం. రాతను ‘ప్రతిభ’ అనే పొగలోంచి కిందికి దించి కిరాయి, కూలి లెక్కల్లో పెట్టింది. అయితే ఆ పుస్తకంలో మాట్లాడే మనిషికి ఆ 500 పౌన్లు ఎక్కడివి? బొంబాయిలో గుర్రం మీంచి పడి చచ్చిపోయిన ఒక అత్త రాసిచ్చిన ఆస్తి. చల్లగాలికి గుర్రమెక్కి పోయిన ఆ దొరసాని సొమ్ము ఎవరి శిస్తు నుంచి, ఎవరి వెట్టి నుంచి వచ్చిందో పుస్తకం చెప్పదు. చదువుతుంటే నాకు మాత్రం ఆ గుర్రానికి గడ్డి కోసిన మనిషే కండ్లల్ల మెదిలిండు.

మాకు ఒక్కటే గది. అందులో ఐదుగురం. అందుకే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నాకు రాసుకునే గది అయింది. నారాయణగూడ చౌరస్తా దాటి నడుచుకుంట పోయేదాన్ని. ఇప్పుడా రోడ్డు మీద మెట్రో పోతున్నది, అప్పుడు నీడ కూడా లేదు. ఫ్యాను, లైటు, బల్ల, నువ్వెవల పిల్లవని అడగని కుర్చీ. పోటీ పరీక్షల పిల్లల మధ్య కూర్చుంటే నేనూ ఏదో ఉద్యోగానికి చదువుతున్ననే అనుకునేవాళ్ళు. ఆ అనుకోవడం చాటునే నేను మొదట రాసింది. అశోక్‌నగర్ జిరాక్స్ షాపుల్లో ఒకపక్క చెడిపోయిన కాయితాలు ఊరికే ఇచ్చేవాళ్ళు. ఇటుపక్క భారత రాజ్యాంగం ప్రశ్నలు, అటుపక్క మా ఊరి మాదిగవాడ.

ఆ లైబ్రరీ దినాల్లోనే భాగ్యరెడ్డివర్మ గురించి తెలిసింది. 1888లో ఇదే నగరంలో మాల ఇంట పుట్టిన మనిషి. ఆయన చేసిన పనుల వరస చూడండి. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలు చెప్పించి జనాన్ని కూడగట్టాడు. 1910లో ఇసామియా బజారులో మన పిల్లల కోసం బడి పెట్టాడు. 1917లో బెజవాడలో పంచమ సభకు అధ్యక్షుడై, మేం పంచములం కాదు ఆది ఆంధ్రులమని పేరే మార్పించాడు. 1931లో ‘భాగ్యనగర్’ పత్రిక పెట్టాడు. ఆయన ‘వెట్టి మాదిగ’ కథ ఆ పత్రికలోనే వచ్చింది. అంటే ముందు వినేవాళ్ళు, తర్వాత చదవగలిగేవాళ్ళు, తర్వాత పత్రిక, ఆఖరికి కథ. (మాల ఇంట పుట్టినాయన మాదిగ వెట్టి రాయడం గురించి 1994 దండోరా తర్వాత మా వాళ్ళలో వాదన నడిచింది. నడవాలె కూడా.) అంబేడ్కర్ సంగతీ అంతే. 1920లో ‘మూక్‌నాయక్’ పెడుతున్నప్పుడు, డబ్బులిస్తామన్నా తిలక్ స్థాపించిన ‘కేసరి’ ఆ పత్రిక ప్రకటన వెయ్యలేదు. వేసుంటే తప్ప రాయనని ఆయన కూర్చోలేదు.

నమ్మకం అనేది మనిషి లోపల ఊరే ఊట అని చెప్పేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. తరతరాలుగా తలెత్తి మాట్లాడితే తన్నులు తిన్న ఇంట్లో అది ఎట్ల ఊరుతది? దాన్ని పదిమందీ కలిసి పోగుచేసుకోవాలె. 1985లో కారంచేడు, 1991లో చుండూరు, ఆ తర్వాత 1995లో ‘చిక్కనవుతున్న పాట’. ఆ కవితల పుస్తకం చేతికొచ్చిన దినం నేను కవితల కంటె ముందు విషయసూచికలో పేర్లు చదివిన. ఇంతమంది ఉన్నరా అని. ఒక్కడు రాస్తే అదృష్టం అంటారు, ఇద్దరు రాస్తే రిజర్వేషన్ అంటారు. ఇంతమంది కలిసి వస్తే అనడానికి మాట వెతుక్కోవాల్సి వచ్చింది.

నేను మొదట అచ్చుకు పంపింది మా తాత లంద గురించి. తంగేడు చెక్క నీళ్ళల్ల తోలు నానేసే లంద. ఒక పత్రిక దాన్ని వేసుకుంది గాని ‘లంద’ను ‘చర్మశుద్ధి కుండీ’ అని మార్చింది. ‘తోలు’ ఎక్కడున్నా ‘చర్మం’ అయింది. అవ్వకు చదివి వినిపించిన. ఆమెకు అక్షరం రాదు. విని, "గదేంది? మునిసిపాలిటోళ్ళ కుండి లెక్కున్నది. మీ తాత గండ్ల తోలు నానేసిండా, బిందె కడిగిండా?" అన్నది. ఇద్దరం కడుపు నొచ్చేదాక నవ్వినం. ఎన్ని సాహిత్య పాఠాలు విన్నా రాని ధైర్యం ఆ నవ్వులో వచ్చింది. తర్వాతిసారి కథ పంపినప్పుడు, మాట మారిస్తే వేసుకోవద్దని చీటి జతచేసిన. తిరిగొచ్చింది. ఇంకో చిన్న పత్రిక ఉన్నదున్నట్టు వేసింది.

అప్పటి నుంచి నా అలవాటు ఇదే. అరగంట రాయడం, రాత్రి అవ్వకు చదవడం. ఆమె మేలుకుని ఉన్నచోట ఉంచేదాన్ని. కునుకు తీసినచోట కొట్టేసేదాన్ని. పొద్దంత పనిచేసిన మనిషి కదా, మంచి వాక్యాలు కూడా కొన్ని అట్ల పోయినయి. పోనీ.

కాని వినడం వేరు, తన బతుకు అచ్చులో చూసుకోవడం వేరు. అవ్వ కథ రాయడానికి నాకు హక్కు ఎక్కడిది? కడుపున పుట్టినందుకు వచ్చిందా? తమిళంలో బామ ‘కరుక్కు’ 1992లో వచ్చినప్పుడు ఊరివాళ్ళకే కోపమొచ్చింది, కొన్నాళ్ళు ఊరికి పోలేకపోయానని ఆమే చెప్పుకుంది. మన బాధ మనం రాసుకుంటున్నం అనుకుంటం గాని, ఆ ‘మనం’లో రాసేది ఒకరు, రాయబడేది ఇంకొకరు. నేను అవ్వను అడిగిన. ఆమె కొంచెంసేపు ఊకున్నది. "రాస్తె నా కూలి సంగతి రాయి బిడ్డా. ఎన్ని ఇండ్లు, ఎంత జీతం, పండుగకు ఎంత ఎగ్గొట్టిన్రు, గవి రాయి. నా ఏడుపు రాయకు. అది నాది" అన్నది.

ఆ షరతు మీద నిలబడడం అన్నింటికంటె కష్టమైన పని. ఎందుకంటే మనల్ని చదివేవాళ్ళకు చాలామందికి కావలసింది ఆ ఏడుపే. ఒక సభలో ఒక పెద్దమనిషి లేచి, మీ అమ్మగారి వేదన ఇంకొంచెం గాఢంగా రావాల్సిందన్నాడు. మా అమ్మగారి జీతం గురించి ఆయన ఒక్క మాటా అడగలేదు. ఇట్లాంటి చోట మనల్ని మనం మార్చుకోకుండ ఉండడమే నాకు తెలిసిన ఆత్మవిశ్వాసం. చప్పట్లు తగ్గుతయి. తగ్గనీ.

ఇప్పటికీ ఆ లైబ్రరీకి పోతుంట. అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కు చదివే పిల్లలతో అది ఎప్పుడూ నిండే ఉంటది. నోటిఫికేషన్ కోసం, ఫలితాల కోసం రోడ్డెక్కిన పిల్లలు వీళ్ళు. మొన్నొక పిల్ల, "అక్కా, నాకు రాయాలనుంటది, గని పుస్తకం పక్కకు పెట్టి రాస్తాంటె నాయినను మోసం చేసినట్టయితది" అన్నది. వాళ్ళ నాయిన హమాలీ. నెలనెలా పైసలు పంపుతడు. సాహిత్యం కోసం త్యాగం చెయ్యమని నేను ఆ పిల్లకు చెప్పలేదు. మొదటితరం చదువుకున్న పిల్లను కూడు వదిలేసి కవిత్వం పట్టుకొమ్మనడం కడుపు నిండినోళ్ళ మాట. చదువుకో, నౌకరి కొట్టు అన్న. రోజుకు అరగంట మాత్రం పక్కకు తియ్యి, ఆ అరగంట ఎవరిదో మరువకు అన్న. ఏం రాయాలె అని అడిగితే, మీ నాయిన దినానికి ఎన్ని బస్తాలు మోస్తడో తెలుసా అని అడిగిన. తెల్వదన్నది. ఆ రాత్రే ఫోన్ చేసి అడిగిందట.

ఇప్పటికి నాలుగు పేజీలు రాసింది. చూపియ్యమంటే, ముందు నాయినకు చదివి వినిపించాలె అక్కా, దసరాకు ఇంటికి పోయినంక చూపిస్త అంటున్నది.