మాంసం మానావు సరే, ఏం తింటున్నావు?

చిన్నా,

కొలెస్ట్రాల్ రిపోర్టు చూసి మాంసం మానేశానని చెప్పావు. ఆ పట్టుదల చూసి నాకు సంతోషమేసింది. కానీ మొన్న హిమాయత్‌నగర్ ఇంటికి వచ్చి రెండు రోజులున్నావు కదా, నువ్వు తిన్నదంతా గమనిస్తూనే ఉన్నాను. పొద్దున మైసూర్ బజ్జీలు. మధ్యాహ్నం తెల్లన్నం, ఆలుగడ్డ వేపుడు, అప్పడాలు. సాయంత్రం వెజ్ పఫ్. రాత్రికి ఫోన్లో తెప్పించుకున్న పనీర్ బటర్ మసాలా, నాన్. మాంసం ముక్క లేదు, నిజమే. ఒక్క ఆకు కూడా లేదు బిడ్డా.

నా సంగతి నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. నేను పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు. అయినా అరవై రెండో ఏట రెండు స్టెంట్లు పడ్డాయి. ఏం తింటారని డాక్టరు అడిగితే, "మేం శాకాహారులమండీ" అన్నాను. "ఏం తినరో చెప్పారు. ఏం తింటారో చెప్పండి" అన్నారాయన. ఆ రాత్రి ఆస్పత్రి మంచం మీద లెక్కేసుకున్నాను. మూడు పూటలా అన్నమే. నూనె తేలే వేపుళ్ళు, ఆవకాయ, చక్కెర వేసిన కాఫీలు, లిబర్టీ నుంచి నారాయణగూడ దాకా నడకకని వెళ్ళి బండి దగ్గర ఆగి తిన్న మిర్చి బజ్జీలు. మరిగిన నూనెనే మళ్ళీ మళ్ళీ మరిగిస్తారని తెలిసీ తిన్నాను.

తర్వాతెప్పుడో చదివాను. 2017లో హార్వర్డ్‌కు చెందిన అంబికా సతీజా బృందం, అమెరికాలో రెండు లక్షలకు పైగా వైద్యరంగ ఉద్యోగుల తిండిని ఇరవై ఏళ్ళకు పైగా గమనించిన లెక్కలు ప్రచురించింది. ముడిధాన్యాలు, పప్పులు, కూరగాయలు, పండ్లు, గింజలు ఎక్కువ తిన్నవాళ్ళకు గుండెజబ్బు తక్కువ. మైదా, చక్కెర, తీపి పానీయాలు, ఆలుగడ్డలు ఎక్కువ తిన్నవాళ్ళకు ముప్పు ఎక్కువ. అవీ మొక్కల నుంచి వచ్చినవే కదా!

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 85 గ్రాముల పప్పులు, 250 గ్రాముల ధాన్యం. ఉప్పు 5 గ్రాములు దాటకూడదు. ఒక్కసారి నీ కంచంతో పోల్చి చూసుకో. నీకు కూర నంజుకోవడానికి, అన్నం కడుపు నింపుకోవడానికి. అది తిరగబడాలి.

పప్పులు, ఓట్స్, బెండకాయ, జామపండు, వీటిలో కరిగే పీచు ఉంటుంది. అది పేగులో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి లాగేస్తుంది. మళ్ళీ పైత్యరసం తయారు చేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను తీసుకుంటుంది. అందుకే సాయంత్రం పఫ్ బదులు శనగ గుడాలో, బొబ్బర్ల గుడాలో తినమంటున్నాను. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం చాలు. రాత్రి జొన్నరొట్టె.

నానమ్మ తోటకూర పప్పు ఎలా చేస్తుందో ఈసారి దగ్గరుండి చూడు. కట్ట విప్పి వేళ్ళు కోసి, మట్టి పోయేదాకా మూడు నీళ్ళు కడుగుతుంది. లేత కాడలు పారేయదు. పెసరపప్పు సగం ఉడికాక ఆకు వేస్తుంది. చివర్లో ఒక్క చెంచా పల్లినూనెలో జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి. ఆ వాసనకే నాకు ఆకలవుతుంది. మొదట్లో ఉప్పు తగ్గిస్తే చప్పగా అనిపించింది. నెల తిరిగేసరికి నాలుక అలవాటు పడింది.

ఇంకో రెండు మాటలు. పాలు, పెరుగు కూడా మానేద్దామనుకుంటే బీ12 మాత్ర గురించి డాక్టర్ని అడిగి తీరాలి, అది మొక్కల్లో దొరకదు. కూరలు తింటున్నాను కదా అని ఆయన రాసిచ్చిన మాత్రలు నీ అంతట నువ్వు ఆపకు. నాకు తోటకూరా కావాలి, మాత్రా కావాలి. రెండూ నడుస్తున్నాయి కాబట్టే మూడంతస్తులు మెట్లెక్కి వస్తున్నాను.

శనివారం పొద్దున ఆరున్నరకల్లా రా. ఇద్దరం నారాయణగూడ మార్కెట్‌కు నడిచి వెళ్దాం. ఆ వేళకు పుంటికూర, చుక్కకూర ఇంకా తడితడిగా ఉంటాయి. టిఫిన్ చేసి రాకు. సంచి నేను తెస్తాను.

మీ తాతయ్య