బొంత కుట్టు, కొల్లేటి గట్టు

క్యాన్సర్ చికిత్స ముగిశాక కూడా కొందరిని నెలల తరబడి నీరసం వదలదు. వారానికి 3 సార్లు, 30 నిమిషాల చొప్పున నడక వంటి వ్యాయామం దాన్ని తగ్గిస్తుందని 2019లో అంతర్జాతీయ నిపుణులు తేల్చారు. నడకకు ఉంగుటూరు వాళ్లకు కాలవగట్లున్నాయి. డాక్టరు సరేనంటే, చలికాలంలో ఒక పూట ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లి, గూడబాతులను చూస్తూ కొల్లేటి గట్టున నడవండి.

నడక లేని వేళల్లో ఇంట్లో పాత చీరలతో బొంత కుట్టండి. అమ్మ చీర, మీ పెళ్లినాటి రవికె, మనవరాలి గౌను... ఏ ముక్క పక్కన ఏది పడాలో ఎంచుకోవడంలో ఎంత ఆనందమో! రొమ్ము ఆపరేషన్‌లో చంకలో లింఫు గ్రంథులు తీసినవాళ్లకు ఆ వైపు చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది. అందుకే కుట్టేటప్పుడు సూదిపోటు తగలకుండా వేలికి తొడుగు పెట్టుకోండి. కీమో వల్ల వేళ్లు తిమ్మిరెక్కుతుంటే డాక్టరుకు చెప్పండి. కుట్టు వంకరపోతే పోనివ్వండి. సంక్రాంతికి పిల్లలొచ్చేసరికి సగమే అయినా వాళ్లకు చూపించండి.