పెరటి షెడ్డుకు వెల ఎంత?

2023లో మా నాన్నగారి ఇల్లు అమ్మకానికి పెట్టాము. ఆ సందర్భంలో మా అన్న ఒక ప్రశ్న అడిగాడు. పైకి అది డబ్బు లెక్కే. ఆలోచించేకొద్దీ ధర్మం లెక్క అని తోచింది. ఇటువంటి తగవు మనలో చాలా ఇళ్లకు వచ్చే ఉంటుంది, రానివారికి రేపు రావచ్చు. అందుకే పాఠకుల ముందు పెడుతున్నాను.

మాది తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. నాన్నగారికి ఆనాటి సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు బోర్డు వారు జయనగరంలో ఇచ్చిన సైటు అరవై అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు. అంటే 2,400 చదరపు అడుగులు. 1968లో దాని మీద నాలుగు గదుల ఇల్లు కట్టారు. 1981లో మా అన్న తన జీతం డబ్బుతో ఒక పాత ఫియట్ కారు కొన్నాడు. దాని కోసం పెరట్లో, ఇంటికి తగలకుండా విడిగా, పది అడుగుల వెడల్పు, పద్ధెనిమిది అడుగుల పొడవు షెడ్డు వేయించాడు. సైజు రాళ్ల గోడలు, పైన మంగళూరు పెంకులు. ఖర్చు పదకొండు వేల చిల్లర. ఆ లెక్క రాసిన నోటుబుక్కు ఇంకా అతని దగ్గర ఉంది. మాటలు తెలుగువి, లిపి కన్నడం. మా తరం బడిలో నేర్చింది అదే కదా!

నాన్నగారు వీలునామా రాయలేదు. అమ్మ కూడా పోయింది. మిగిలింది అన్న, అక్క, నేను. మూడు సమాన వాటాలు అనుకున్నాము. అప్పుడు అన్న ఆ నోటుబుక్కు తెచ్చి మా ముందు పెట్టాడు.

"ఇల్లు నాన్నది, సరే. షెడ్డు నేను కట్టింది. దాని విలువ ముందు తీసి, మిగిలింది పంచుకుందాం" అన్నాడు.

విడిగా షెడ్డు ఉంటే ఇంటి వెల పెరుగుతుందా? ముందు ఆ సంగతి చూద్దాం. కొనడానికి వచ్చిన కాంట్రాక్టరు షెడ్డు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. టేపు పెట్టి సైటు కొలిచాడు. ఇల్లు ఎలాగూ పడగొట్టేదే కనుక దానికే విలువ కట్టలేదు. "షెడ్డుకేముందండీ, పడగొట్టి మట్టి తోలించడానికి నాకే ఖర్చు" అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. భూమి వెల ఏటేటా పెరుగుతుంది. కట్టడం వెల ఏటేటా తరుగుతుంది. పైగా ఇంటికి దూరంగా ఉన్న షెడ్డు తన చోటు ఒక్కటే తినదు, తన దారిని కూడా తింటుంది. మా షెడ్డు 180 చదరపు అడుగులే. కాని గేటు దగ్గర నుండి దాని వరకు కారు పోవడానికి పదడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు దారి ఖాళీగా విడవవలసి వచ్చింది. రెండూ కలిపితే 580 చదరపు అడుగులు, సైటులో దాదాపు పావు వంతు! కొత్తగా కట్టేవారు కింద స్తంభాలు నిలిపి, కార్లు అక్కడ పెట్టి, ఇల్లు పైన కట్టుకుంటున్నారు. వారికి పెరటి షెడ్డు అడ్డమే.

అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని కాదు. అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాల్లో, స్థలం దండిగా ఉండి, కారు లేనిదే పాలు కూడా తెచ్చుకోలేని ఊళ్లలో, షెడ్డు ఉన్న ఇంటికి కొనేవారు నాలుగు డబ్బులు ఎక్కువే ఇస్తారు. మన నగరాల అపార్టుమెంట్లలో కారు నిలిపే చోటుకు ఎంత గిరాకీ అంటే, బిల్డర్లు దాన్ని విడిగా అమ్ముకోవడం మొదలుపెట్టారు. ముంబయికి చెందిన ఒక కేసులో 2010లో సుప్రీంకోర్టు, స్తంభాల మధ్య పార్కింగు చోటు అందరిదీ కనుక బిల్డరు దాన్ని విడిగా అమ్మరాదని తీర్పు చెప్పవలసి వచ్చింది. కాబట్టి షెడ్డుకు వెల దాని రాళ్లలోనూ పెంకుల్లోనూ లేదు. కొనేవాడి అవసరంలో ఉంది. మా కాంట్రాక్టరుకు ఆ అవసరం లేదు. అతని లెక్కలో షెడ్డు వెల సున్న.

కాని మా ఇంట్లో ఆ షెడ్డుకే మూడు వెలలు పలికాయి. అన్న నోటుబుక్కు ప్రకారం పదకొండు వేలు. ఈ రోజున అటువంటిది కట్టాలంటే దానికి ఎన్నో రెట్లు. బజారు మాట ప్రకారం సున్న. మూడూ నిజాయితీ గల లెక్కలే. మొదటిది ఇస్తే అన్నకు అవమానం, రెండోది ఇస్తే పాత షెడ్డుకు కొత్త షెడ్డు ఖరీదు ఇచ్చినట్టు. మూడోది మాకు సుఖంగా ఉంది. "బజారే లేదంటుంటే మనమేం చేస్తాం?" అని నేనూ అనేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే, మేము పంచుకోబోతున్న సొమ్ములో మా కష్టం ఎంత? నాన్నగారు వేలల్లో కొన్న సైటు కోట్లకు పెరిగిందంటే అందులో మేము చేసింది ఏమీ లేదు. ఊరు పెరిగింది, రోడ్లు వచ్చాయి, ఎక్కడెక్కడి నుండో జనం వచ్చారు. ఈ చింత కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో, ధర్మస్థీయమనే మూడో అధికరణంలో, ఇళ్లూ పొలాలూ అమ్మే పద్ధతి ఉంది. కొనే హక్కు మొదట జ్ఞాతులకు, తర్వాత ఇరుగుపొరుగుకు, ఆ పిమ్మట అప్పిచ్చినవారికి. ఇంటి ముందు పొరుగువారు వింటుండగా వెల చాటాలి. కొనేవారి పోటీ వల్ల వెల పెరిగితే, ఆ పెరిగినంత సొమ్మూ సుంకంతో సహా రాజు బొక్కసానికి పోవాలి. బొక్కసం నింపుకోవడానికే అలా రాశాడని అనవచ్చు. కాని అమ్మేవాడు సృష్టించని విలువ అమ్మేవాడిది కాదనే ఒక ఆలోచన కూడా అందులో ఉంది.

ఆ ఆలోచన నన్ను పట్టుకుంది. మేము ఏ కష్టమూ పడకుండా వచ్చిన పెరుగుదలను మాదే అని సంతోషంగా పంచుకుంటున్నాము. ఒక మనిషి కష్టపడి కట్టినదానికి మాత్రం బజారును సాక్షిగా పిలిచి, వెల లేదంటున్నాము. మనకు లాభమైనచోట బజారు ధర్మరాజు, నష్టమైనచోట బజారు దొంగ. ఇదేం న్యాయం?

దీనికి ఎదురు వాదం లేకపోలేదు. మా బావ అననే అన్నాడు: "ఉమ్మడి సైటులో పావు వంతు మీ అన్న కారు కోసం వాడుకున్నాడు కదా, దానికి అద్దె ఎవరిస్తారు?" అదీ నిజమే. కుళాయి మార్చినవారూ, సున్నం వేయించినవారూ లెక్కలు తీస్తే ఏ కుటుంబంలోనూ పంపకం తెమలదు.

అప్పుడు అంతవరకూ మాట్లాడని అక్క అంది: "ఏరా, కారు ఉన్నది నాలుగేళ్లే కదా? ఆ తర్వాత షెడ్డులో ఉన్నదెవరు?"

అందరమూ మరిచిపోయాము. 1985లో అన్న కారు అమ్మేశాడు. ఆ ఏడాదంతా షెడ్డులో బల్ల వేసుకుని బ్యాంకు పరీక్షకు చదివింది నేను. ఇంట్లో ఎక్కడా అంత నిశ్శబ్దం లేదు. నాకు ఉద్యోగం వచ్చాక, 1986లో, భర్త పోయిన మా పిన్ని వచ్చింది. షట్టరు తీసేసి తలుపు పెట్టించి, తొమ్మిదేళ్లు, అంటే 1995లో పోయేవరకు ఆమె అక్కడే ఉంది. ఒకరి పంచన ఉన్నాననే చిన్నతనం లేకుండా, తన పొయ్యి తను వెలిగించుకుని, తన తలుపు తను వేసుకుని బతికింది. అది ఇంటికి విడిగా ఉండబట్టే సాధ్యమైంది. కొనేవాడి కంటికి ఏది లోపమో అదే ఆమెకు గౌరవం.

అక్కడ నాకు దారి దొరికింది. వస్తువుకు వెల బజారు కడుతుంది, కట్టనివ్వండి. ఋణం మాత్రం వాడుకున్నవాళ్లు కట్టుకోవలసిన లెక్క. అన్న కారు పెట్టుకున్న నాలుగేళ్లకు అతనికి మేమేమీ బాకీ లేము. స్థలం ఉమ్మడిది, షెడ్డు అతనిది, చెల్లుకు చెల్లు. తర్వాతి పదేళ్లు వేరు. ఆ రోజుల్లో మా వీధిలో అటువంటి గది అద్దె నెలకు మూడు వందలు. పదేళ్లకు 36,000 రూపాయలు. పిన్ని ముగ్గురికీ పిన్నే, నేను ముగ్గురిలో ఒకణ్ణే కనుక, మూడో వంతు అన్న తన వంతుగా భరించాలి. మిగిలిన 24,000 అక్కా నేనూ ఇవ్వాలి. దానికి ఇన్నేళ్ల డిపాజిట్టు వడ్డీ వేశాను. బ్యాంకులో పనిచేసినవాణ్ణి, అది నా చేతి పనే. తేలిన మొత్తం ఇంటి వెల ముందు చాలా చిన్నది.

రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం డబ్బు అన్న చేతిలో పెట్టాము. "నాకెందుకురా" అంటాడేమో అనుకున్నాను. అనలేదు. మొదటి నుండి చివరి వరకు లెక్కపెట్టి, నోటుబుక్కులో కన్నడ లిపిలోనే జమ రాసుకున్నాడు. నాకది నచ్చింది. దానం తీసుకునేవాడు లెక్కపెట్టడు, బాకీ వసూలు చేసుకునేవాడు లెక్కపెడతాడు.

ఇల్లు కట్టుకునే మిత్రులు కొందరు, పెరట్లో షెడ్డు వేస్తే రేపు అమ్మేటప్పుడు కలిసివస్తుందా అని నన్ను అడుగుతుంటారు. భూమికి కరువైన ఊళ్లో కలిసిరాదనే చెబుతాను. రేపు ఎవడో కొనేవాడి కళ్లతో ఈ రోజు మన ఇంటిని చూసుకోవడం మన ఇంట్లో మనమే అద్దెకున్నట్టు. అవసరం ఉంటే కట్టండి. కట్టినవారి పేరు, దానిలో తలదాచుకున్నవారి పేరు కూడా ఆ లెక్కల పుస్తకంలోనే రాసి పెట్టండి.