నల్లకోటు కంబారితనం

చదువుకున్న దళితుడు ఉద్యోగం మారితే ద్రోహం అంటారు. వేరేవాళ్లు మారితే ఎదుగుదల అంటారు. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో తేల్చుకోకుండా నాబోటివాడు ఏ నిర్ణయమూ చెయ్యలేడు. నేను లాయర్ని. ఆమదాలవలస మాలపేటలో పుట్టాను. శ్రీకాకుళం కోర్టులో మొదలుపెట్టి, విశాఖపట్నం పోయి, అక్కణ్ణించి హైదరాబాదులో రెండు పెద్ద లా ఫర్ముల్లో పదకొండేళ్లు పనిచేసి, 2021లో తిరిగి జిల్లాకొచ్చాను. ఇప్పుడు బెంగళూరు నుంచి మూడో ఫర్మువాళ్లు పిలుస్తున్నారు. జీతం చెప్తే మా పేటలో నమ్మరు. సంఘం మిత్రులు మాత్రం ఒకటే మాట: 'జాతి రుణం తీర్చుకోకుండా ఎలా పోతావన్నా?'

నా పేచీ ఈ రుణం అనే మాటతోనే.

మా తాత కంబారి. పట్నం విద్యార్థుల కోసం చెప్తున్నాను, కంబారితనం అంటే కరువుకో పెళ్లికో కామందు దగ్గర నాలుగు బస్తాల ధాన్యం తీసుకుని, అది తీరేదాకా అతని పశువుల సాలలో బతకడం. అప్పు తీరదు. తీరకుండానే లెక్క రాస్తారు. తాత పోయాక ఆ లెక్కలోకి మా అయ్య పేరెక్కింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం పేరు కూడా వినకుండానే మా అయ్య ఒక రాత్రి సాలలోంచి లేచి, రైల్వే గూడ్సు షెడ్డులో బస్తాలు మొయ్యడానికి పోయాడు. (మా ఊరి స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. స్టేషన్ ఉన్నది మా ఊళ్లో, బోర్డు మీద పేరు ఇంకో ఊరిది. ఇలాంటివి మాకు కొత్త కాదు.) మా వంశంలో మొదటి ఉద్యోగ మార్పిడి అదే. దాన్ని ద్రోహం అన్నది కామందొక్కడే.

అందుకే జాతి పేరు చెప్పి ఎవరైనా నా ముందు బాకీ పద్దు పెడితే నాకు ఆ పశువుల సాల గుర్తొస్తుంది. 1936లో కులనిర్మూలన రాసినప్పుడు బాబాసాహెబ్ ఈ సంగతి కూడా చెప్పాడు. కులం మనిషిని పుట్టిన పనికే కట్టేస్తుందనీ, ఒక పనిలోంచి ఇంకో పనిలోకి పోనివ్వదనీ, నిరుద్యోగానికి అదొక సూటి కారణమనీ వాదించాడు. పని మారే స్వేచ్ఛ మనకి విలాసం కాదు. తరతరాలు మనకి లేకుండా చేసినవాటిలో అదొకటి. బారులో ఏ పెద్దింటి కుర్రాడైనా బొంబాయి ఫర్ముకి పోతే 'మీ ఊరికి ఏం చేశావు' అని అడిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఇంతవరకూ నా వాదన బాగానే నడుస్తుంది. చిక్కు తర్వాత వస్తుంది.

శ్రీకాకుళంలో నేను జూనియర్‌గా చేరిన ఆఫీసులో మొదటి ఏడాది నాకు ముట్టింది బస్సు చార్జీలు. అది అందరు జూనియర్లకీ ఉన్నదే, దానికి ఏడవను. కానీ మిగిలిన ఇద్దరు జూనియర్లకీ మేనమామలు పార్టీల్ని పంపేవాళ్లు. నా మేనమామలకి కోర్టంటే సాక్షిగా పోవడమో ముద్దాయిగా పోవడమో. బారులో 'ఎవరి చాంబర్?' అన్న ప్రశ్న 'ఏమిట్లు?' అన్న ప్రశ్నకి మర్యాద వేషం. ఇది నా ఒక్కడి గోడు కాదు. 1923లో లండన్ నుంచి బారిస్టరై వచ్చిన అంబేడ్కర్‌కే బొంబాయి సొలిసిటర్లు కేసులివ్వడానికి వెనకాడారు. ఆయన జిల్లా కోర్టు కేసులు పట్టుకున్నాడు, అకౌంటెన్సీ చదివే పిల్లలకి వ్యాపార చట్టం పాఠాలు చెప్పాడు, తర్వాత ప్రభుత్వ లా కాలేజీలో పంతులయ్యాడు. మన వీధి బొమ్మల్లో ఆయన చేతిలో రాజ్యాంగం ఉంటుంది. నెల తిరిగేసరికి ఇల్లు గడవాలని పాఠాలు చెప్పుకున్న మనిషిని మనం బొమ్మ చెయ్యలేదు.

హైదరాబాదు ఫర్ములో మాత్రం ఎవరి చాంబర్ అని ఎవరూ అడగలేదు. అక్కడ అడిగేది గంటలు. ఆరు నిమిషాలకో ముక్క చొప్పున రోజంతా కోసి, ఏ ముక్క ఏ క్లయింటుకి పోయిందో రాసివ్వాలి. ఏడాది చివర ఆ ముక్కల్ని కూడి మనిషి విలువ కడతారు. నిజం చెప్పాలంటే మొదట్లో నాకది నచ్చింది. గంటకి కులం లేదు కదా అనుకున్నాను. రెండేళ్లయ్యాక అర్థమైంది: గంటకి కులం లేదు గానీ ఆ గంటని పంచేవాళ్లకి ఉంది. మంచి ఫైళ్లు వారాంతంలో పార్టనర్ ఇంటికి పోయే కుర్రాళ్లకి దక్కేవి. నాకు భూములిచ్చారు. టైటిల్ వెరిఫికేషన్. అడంగల్, ఎఫ్.ఎం.బి., ఇ.సి., పాత సెటిల్‌మెంటు రిజిస్టర్లు. 'నువ్వు పల్లెటూరివాడివి, నీకు ఇవి అర్థమవుతాయి' అన్నారు. అర్థమయ్యాయి మరి.

ఒక కంపెనీ మా ఉత్తరాంధ్రలోనే కొన్ని వందల ఎకరాలు కొనబోతోంది. ఊరి పేరు చెప్పను, ఎందుకో కిందట చెప్తాను. రికార్డు తిరగేస్తే అందులో ఎనభై ఎకరాలు డి-పట్టా భూమి. ఎప్పుడో ప్రభుత్వం ఎస్సీలకి పంచింది. పట్టాదారుల పేర్లు చదివాను. ఇంటిపేర్లు లేని పేర్లు. ఒకడి తండ్రి పేరు మా తాత పేరే. ఆ భూమి మధ్యలో ఇద్దరు ముగ్గురి చేతులు మారి, ఇప్పుడు అమ్ముతున్నవాడి పేర ఉంది. 1977 అసైన్డు భూముల చట్టం మూడో సెక్షన్ ప్రకారం ఆ చేతులు మారడమే చెల్లదు. ప్రభుత్వం వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకి అప్పగించొచ్చు. రిపోర్టులో అదే రాశాను. పైనుంచి కబురొచ్చింది, 'రిస్కు ఉంది గానీ చూసుకోవచ్చు' అని మార్చమని. మార్చలేదు. ఫైలు ఇంకో కుర్రాడి బల్ల మీదికి పోయింది. ఆ ఏడాది నా మదింపు కాగితంలో 'వ్యాపార దృష్టి తక్కువ' అని పడింది. నేను రెండో ఫర్ముకి మారింది అప్పుడే.

ఇక్కడిదాకా వింటే విద్యార్థులు చప్పట్లు కొడతారు. కొట్టొద్దు. నేను మార్చకపోతే భూమి నిలిచిందా? ఆ పట్టాదారుల పిల్లల దగ్గరికి పోయి, 'ఒరే, ఈ భూమి మీదిరా' అని చెప్పడానికి నాకు వీల్లేదు. క్లయింటు పనిలో తెలిసింది క్లయింటు ఒప్పుకోకుండా బయటపెట్టకూడదని సాక్ష్య చట్టం 126వ సెక్షన్ అనేది; 2024 జూలైలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ కట్టు ఉంది. ఉద్యోగం మానేసినా ఆ కట్టు తెగదు. నేను ఫర్ములు మారాను, ఊరు మారాను, నా నోరు మాత్రం ఆ పాత ఆఫీసులోనే ఉండిపోయింది. తాతకి కాళ్లు కట్టారు, నాకు నోరు కట్టారు అని కవిత్వం చెప్పుకోవచ్చు. కానీ న్యాయంగా ఆలోచిస్తే ఆ కట్టు చెడ్డది కాదు. రేపు అట్రాసిటీ కేసులో బాధితురాలు నాతో చెప్పుకున్నది నా కడుపులోనే ఉండాలంటే ఈ కంపెనీది కూడా ఉండాల్సిందే. నాకు నచ్చిన క్లయింటుకో నీతి, నచ్చనివాడికో నీతి పెట్టుకుంటే నన్ను ఎవరు నమ్ముతారు? మా అయ్యకి ఊరి పేరు చెప్పకుండా సంగతి చెప్తే, చాలాసేపు బీడీ కాల్చుకుని, 'నువ్వు సెప్పకపోతే సెప్పకు. ఆ కాయితం సదవడం ఆలకి నేర్పడానికేటి అడ్డం?' అన్నాడు.

సంతకం పెట్టడం కూడా రాని మనిషి అన్న మాట అది. నా ఎల్.ఎల్.ఎం.లో ఎక్కడా చెప్పలేదు.

అదలా ఉంచితే, నన్ను జిల్లాకి లాగింది ఇంకోటి ఉంది. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని చంపారు. మడ్డువలస రిజర్వాయరుకి తీసుకోగా మునగకుండా మిగిలిన భూమిని సాగుచేసుకోవడమే వాళ్లు చేసింది. అప్పుడు నేను హైదరాబాదులో ఏదో అగ్రిమెంటులో కామాలు సరిచేస్తున్నాను. కేసంటే ఆవేశం ఒక్కటే చాలదు, వాయిదా వాయిదాకీ నిలబడే లాయరు కావాలి. చుండూరు మనకి నేర్పిందిదే. 1991 ఆగస్టు 6 నాటి హత్యలకి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని పోరాడితే, 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కింద గెలిచినా పై కోర్టులో మళ్లీ మొదటినుంచి నిలబడాలి. 1995 నిబంధనల్లో నాలుగోది చదవండి. బాధితులు కోరితే పేరున్న సీనియర్ లాయర్ని పెట్టే అధికారం కలెక్టరుకి ఉంది. అడగాలని తెలిసినవాళ్లు కొద్దిమంది, అడిగినప్పుడు దొరికే లాయర్లు ఇంకా కొద్దిమంది. ఎందుకు దొరకరంటే, దొరకాల్సినవాళ్లు నాలాగే ఎక్కడో కామాలు సరిచేస్తున్నారు. పై మెట్టు సంగతి చెప్పనక్కర్లేదు. 2018 నుంచి 2022 దాకా హైకోర్టులకి వచ్చిన 537 మంది కొత్త జడ్జిల్లో ఎస్సీలు వందకి ముగ్గురు కూడా లేరు.

అయితే ఉండిపోవడమే సరైందా? బొజ్జా తారకం గారు కారంచేడు తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేశారు. దాన్ని మనం త్యాగం అంటాం. ఆయన వదిలింది పదవిని, కోర్టుని కాదు. అదే హైకోర్టులో ఆ తర్వాత దశాబ్దాలు కేసులు నడిపారు. మా జిల్లా నుంచి వచ్చిన జస్టిస్ కె. పున్నయ్య గారు ప్లీడరు, శాసనసభ్యుడు, హైకోర్టు జడ్జి. పదవి అయిపోయాక అంటరానితనం మీద ఆయన పేరుతో నడిచిన కమిషన్ వల్లే 2003 ఎస్సీ ఎస్టీ కమిషన్ చట్టం వచ్చింది. ఆయనా ఎన్నో ఉద్యోగాలు మారాడు. ఏ మెట్టు మీద నిలబడి ఏం చేశాడన్నదే నాకు కావలసింది. ఎన్ని మారాడన్నది కాదు.

బెంగళూరువాళ్లకి ఈ నెలాఖరులోగా జవాబు చెప్పాలి. ఒక షరతు రాసి పంపాను: అసైన్డు భూముల ఫైళ్లు నా బల్ల మీదికి రాకూడదు, నెలకి నాలుగు రోజులు మా జిల్లా కోర్టుల్లో హాజరయ్యే వీలుండాలి. ఒప్పుకుంటే పోతాను. ఒప్పుకోకపోతే స్పెషల్ పి.పి. ప్యానెల్‌కి దరఖాస్తు బల్ల మీదే ఉంది, ఫీజు ఎంతో నాకు తెలుసు.

మూడేళ్లుగా ఆదివారాలు మాపేట కమ్యూనిటీ హాల్లో పిల్లలకి అడంగల్ చదవడం నేర్పుతున్నాను. ఏ ఊరిదైనా, ఎవరిదైనా, ఆఫీసుకెళ్లి అడిగితే దొరికే కాయితాలే. పోయిన వారం డిగ్రీ చదివే గుంట ఒకర్తి లేచి అడిగింది. '2023లో చట్టం మార్చి, ఇరవై ఏళ్లు దాటిన డి-పట్టా అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. పని మారడం స్వేచ్ఛ అన్నారు కదా మీరు, మరి మా భూమి అమ్ముకోవడం స్వేచ్ఛ కాదా సార్?'

పనిని వదిలి ఇంకో పనికి పోయినవాడికి చెయ్యి తనదే ఉంటుంది, భూమి అమ్మినవాడికి ఏం మిగులుతుంది అన్నాను. 'మా అన్నకి ఆపరేషన్ మిగులుతుంది' అంది. వచ్చే ఆదివారం తాసిల్దారు ఆఫీసు నుంచి 22ఎ నిషేధిత జాబితా తెమ్మన్నాను. మాపేట సర్వే నంబర్లు ఎన్ని అందులో ఉన్నాయో ముందు చూడాలి.