మూట మోసినవాడు, పొట్లం కొన్నవాడు

గంజాయి పట్టుబడిందని పత్రికలో వార్త వస్తుంది. పక్కన ఫొటో: పేర్చిన మూటలు, వాటి వెనుక తలదించుకొని నిలబడిన గిరిజన యువకుడు. "ఇలాంటివాళ్ళ వల్లనే పిల్లలు చెడిపోతున్నారు" అంటాము. నిజానికి ఈ పాపంలో ఎవరి వాటా ఎంత?

చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు కొండవాలుల్లో ఈ పంట ఏళ్ళ తరబడి సాగింది. అందులో ఒక రకం పేరు శీలావతి. (ఆ పేరు పెట్టినవాడెవడోగాని పెద్ద అన్యాయమే చేశాడు!) అక్కడ కాఫీ, మిరియాలు కూడా పండుతాయి. అయితే కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు కావాలి. గంజాయి ఏడాది తిరక్కుండానే చేతికొస్తుంది, దళారి ముందే సొమ్ము ఇస్తాడు. 2021లో 'ఆపరేషన్ పరివర్తన' పేరిట పోలీసులు వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల సరుకును తగులబెట్టారు.

ప్రాణావసరంలో ఉన్నవాడు పరుల సొత్తుతో కడుపు నింపుకొంటే అది దొంగతనం కాదని పునీత అక్వినాసు తోమాసు బోధించారు. ఈ వాదాన్ని గంజాయికి అన్వయించేవారున్నారు. అది కుదరదు. ఆకలి అన్నం మీద హక్కునిస్తుంది గాని, పరుల బిడ్డకు హాని చేసే హక్కు ఇవ్వదు. రహస్యంగా మత్తుపదార్థాలు తయారుచేయడం, అమ్మడం చెడుకు నేరుగా సహకరించడమేనని శ్రీసభ బోధ. అయినా లేమి, భయం మనిషి స్వేచ్ఛను తగ్గిస్తాయి. స్వేచ్ఛ తగ్గినంత మేరకు దోషమూ తగ్గుతుంది.

చట్టం దీన్ని తూచలేదు. అది తూచేది మూటనే. 1985 నాటి చట్టం ప్రకారం సరుకు 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్ళ శిక్ష, బెయిలు దొరకడం మహా కష్టం. కిలోలోపు ఉంటే ఏడాది వరకే జైలు, లేదా జరిమానా.

ఇక హాస్టలు గదిలో మొదటి పొట్లం కొన్న మన అబ్బాయి సంగతి. అలవాటు ముదిరాక అతడూ బానిసే, చికిత్స కావలసినవాడే. కాని ఆ మొదటి రోజున అతనికి ఆకలి లేదు, అప్పు లేదు, దళారి బెదిరింపు లేదు. "నా డబ్బు, నా ఒళ్ళు" అన్నాడు. ఈ వరుసలో అందరికంటే స్వేచ్ఛగా ఉన్నవాడు ఆనాడు అతడే.

అలాంటి పిల్లల తల్లిదండ్రులు నడవడి పత్రం కోసం మా దగ్గరికి వస్తారు, భవిష్యత్తు పాడవకూడదంటారు. రాసిస్తాము. మూట మోసిన కుర్రవాని తల్లి మాత్రం ఇంతవరకు ఒక్కరూ రాలేదు. జైలు దాకా వెళ్ళిరావడానికి దారిఖర్చు దొరికితే ఆమెకు అదే గొప్ప.