మంచు ఆరాకే చేలోకి దిగమ్మాయ్

అమ్మాయ్, కార్తీకం దాటిందంటే చాలు, నీ ఫోన్లో క్షేమసమాచారాల కంటే ముందు మోకాళ్ల సంగతే వస్తుంది. మొన్న మరీ "పెద్దమ్మా, సంక్రాంతి దాకా మంచం దిగను" అన్నావు. నీ బాధ నిజమే గానీ ఆ ఒక్క మాట మాత్రం నాకు నచ్చలేదు. నర్సుగా చేసినన్నాళ్లూ చలికాలం ఓపీలో చూశాను కదా, నొప్పని మంచమెక్కిన వాళ్లే నెల తిరిగేసరికి మరీ కుంటుకుంటూ వచ్చేవాళ్లు.

మనదేం కాశ్మీరం కాదు. మే నెల వస్తే ఎండల వార్తల్లో నందిగామ పేరు మోగే మెట్ట ప్రాంతం. ఈ కాస్త చలికే కీళ్లు పట్టేయడమేమిటంటే, చలికి కండరాలు బిగుస్తాయి, మనిషీ ముడుచుకుపోతుంది. కదపకపోతే మోకాలు బిగుసుకుంటుంది, బిగిసినదాన్ని కదిపితే నొప్పి, నొప్పని మళ్లీ కదపం. ఇంగ్లండులో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు వేలమంది చేత రోజూ ఫోన్లో నొప్పి సంగతి రాయించి, ఆ పూట వాతావరణంతో సరిచూశారు. 2019లో తేలిందేమిటంటే, గాలిలో తేమ, ఈదురుగాలి ఎక్కువై, వాయుపీడనం తగ్గిన రోజుల్లో నొప్పి కొంత పెరిగింది. చలి ఒక్కదాన్నే తీసుకుంటే పెద్ద సంబంధం కనపడలేదు.

అంటే నువ్వు జాగ్రత్తపడాల్సింది తేమతో. తెల్లారీ తెల్లారకముందే పత్తి తీతకు చేలో దిగితే మోకాళ్ల దాకా చీర తడిసిపోతుంది. పత్తీ తడిసే ఉంటుంది. పత్తి కొనే సీసీఐ వాళ్లు తేమ 8 శాతం లోపుంటేనే పూర్తి మద్దతు ధర ఇస్తారు. ఆ పైన 12 దాకా ధరలో కోత, అది కూడా దాటితే కొనరు. కాబట్టి మీ ఆసామికి చెప్పు, మంచు ఆరాక వచ్చి ఆ గంట సాయంత్రం కలుపుతామని. నీ మోకాలి మాట వినకపోయినా ధర మాట వింటాడు.

లేవగానే గబుక్కున నేల మీద కాలు పెట్టకు. దుప్పట్లోనే రెండు కాళ్లూ ముడిచి చాపు, ఒళ్లు కాస్త వేడెక్కాక లే. మీ ఇంట్లో కొత్తగా వేయించిన టైల్స్ చూడ్డానికి బాగానే ఉన్నాయి గానీ ఈ నెలల్లో ఐసుగడ్డలే. ఇంట్లో కూడా చెప్పులేసుకో, మామయ్య ఏమనుకున్నా సరే. కాఫీ తాగేటప్పుడు కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు తిన్నగా చాపి, తొడ బిగబట్టి, పది లెక్కపెట్టి దించు. ఒక్కో కాలికి పదిసార్లు. తొడ కండ గట్టిగా ఉంటే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందని లెక్క. పండగ అరిసెలు వద్దనను, డబ్బా మాత్రం నీ మంచం కిందకి చేరనీకు.

కాపడం మంచిదే. రాళ్ల ఉప్పు వేయించి మూటకట్టినా సరే, వావిలాకు మరిగించిన నీళ్లు పోసుకున్నా సరే. మీ అత్తగారికి మాత్రం షుగరుంది, పాదాల్లో స్పర్శ తగ్గింది. ఆవిడకి కాపడం పెట్టేముందు మూటని నీ ముంజేతికి ఆనించి చూడు. కాలినా ఆవిడకి తెలియదు, మానడానికి నెలలు పడుతుంది.

బాములంటావా, మన కృష్ణా జిల్లా ఎలకుర్రు వారైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పటి నుంచీ అవి లేని తెలుగిల్లు లేదు. రాయగానే చల్లగా అనిపించడం చర్మంలో నరాలు చేసే మాయ. మెంథాల్ తగిలితే చలి తగిలిందనుకుంటాయవి. మిరపకాయలోని ఘాటు తగిలితే మంట అనుకుంటాయి. ఆ మిర్చి మర్మం విప్పినందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. నొప్పులకి మిరప ఘాటుతో చేసిన పూతమందులు కూడా ఉన్నాయి. అలాగని కల్లంలోంచి కాయ తెచ్చి నూరి రాసేవు! బాము రాసిన చోట కాపడం కూడా పెట్టకు, బొబ్బలెక్కుతాయి.

కల్లమంటే గుర్తొచ్చింది. సంక్రాంతి దాటాక మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరుతూ పొద్దస్తమానం గొంతుకూర్చుంటారు చూడు, మోకాలికి అంతకంటే కష్టం లేదు. ఎత్తు పీట పట్టుకెళ్లు, లేదంటే బకెట్టు బోర్లించుకో. రాశి కింద ఉంటే గంపలోకి ఎత్తుకుని ఒళ్లో పెట్టుకుని ఏరు. మధ్యమధ్య లేచి నాలుగడుగులు వెయ్యి.

ఇక ఆ సూదిమందు. ఊళ్లో పొడిపించుకోగానే లేడిపిల్లలా తిరుగుతున్నానని సంబరంగా చెప్పావే, అందులో ఏముందో అడిగావా? చాలాచోట్ల స్టెరాయిడ్ కలిపే పొడుస్తారు. ఒకటీ అరా అయితే సరే, వారం వారం అయితే షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముక గుల్లబారుతుంది. నొప్పిమందు డైక్లోఫెనాక్ సంగతి ఇంకోటి. ఆ మందు పడ్డ పశువుల కళేబరాలు తిని మన రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి, అందుకే 2006లో పశువులకి దాన్ని నిషేధించారు. మనిషి రాబందంత సున్నితం కాదు గానీ, రోజూ మింగితే మన కిడ్నీలూ ఓర్చుకోవు. ఆ పక్క ఎ.కొండూరు తండాల్లో డయాలసిస్ కష్టాలు విన్నావుగా. అక్కడి కారణాల గొడవ అలా ఉంచి, బాగున్న కిడ్నీలని మాత్రలతో చేజేతులా పాడుచేసుకోకు.

అన్ని నొప్పులూ చలి మీద తోయకు. పొద్దున లేచాక చేతివేళ్లు గంటకి పైగా ముడుచుకు రాకపోతే, కీలు ఎర్రగా వాచి జ్వరమొస్తే, అది వేరే జబ్బు. చలిపూట ఎడమ చేయి లాగుతూ గుండె బరువెక్కితే గ్యాసనుకుని జీలకర్ర నమలకు, 108కి ఫోన్ చేయించు.

ముందు పీహెచ్‌సీకి వెళ్లు. వాళ్లు రాస్తే నందిగామ పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీయించుకో. వెళ్లేటప్పుడు దిండు కింద దాచిన మాత్రల అట్టలన్నీ, ఖాళీవి కూడా, సంచిలో వేసుకెళ్లి డాక్టరు ముందు పెట్టు. ఎన్ని మింగావో నిజం చెప్పు, తగ్గించి చెప్పకు.