గట్టుకు పడ్డ బుంగ

బార్డోలీలో ఒక చెరకు రైతు ఉండేవాడు. తపతి నది మీది కాక్రాపార్ ఆనకట్ట నుంచి కాలువల గుండా వచ్చే నీరే ఆయన తోటకు ఆధారం. ఒక ఏడు పిల్లకాలువలో ఒండ్రు గడ్డకట్టి నీరు నిలిచిపోయింది, సగం తోట ఎండింది. బెదిరిపోయిన రైతు ఒక కూలిని కుదుర్చుకున్నాడు. ఒండ్రు ఎక్కడా పేరుకోకుండా రోజూ కదుపుతూ ఉండటమే అతని పని. అతను నమ్మకంగా చేశాడు. మిగిలిన తోట బతికింది.

అయితే ఆ ఒండ్రు చేసే మేలు కూడా ఒకటి ఉంది. గట్టులో ఎండ్రకాయలు తవ్విన బొరియల్లోకి చేరి వాటిని ఎప్పటికప్పుడు పూడ్చేది. ఇప్పుడా పూడిక నెమ్మదించింది. గట్టు గట్టిగా ఉన్నంతకాలం ఇబ్బంది రాలేదు.

కొన్నాళ్లకు గట్టు మీద ముళ్లు గుచ్చుకుని రైతు కాళ్లు పుండ్లయ్యాయి. దారిన పోయే మనిషిని పిలిచి ముళ్లపొదలన్నీ వేళ్లతో సహా పీకించాడు. కాలువలో ఇంకొకడు పనిచేస్తున్న సంగతి చెప్పలేదు, అతనూ అడగలేదు. కాళ్ల నొప్పి తగ్గింది, రైతు సంతోషించాడు. గట్టు మట్టిని పట్టి ఉంచింది ఆ వేళ్లేనని ఎవరికీ తట్టలేదు.

వేళ్లు పోయిన చోట గట్టు గుల్లబారి బుంగ పడింది. పూడ్చడానికి ఒండ్రు నిలవలేదు. చప్పుడు లేకుండా నీరు కారింది. పల్లపు మడి నల్లటి బురదైనా, తడి ఎక్కువైందిలే అనుకుని రైతు ఊరుకున్నాడు. ఒక రాత్రి గట్టు తెగింది. కూలీలిద్దరూ ఎవరి పని వాళ్లు తప్పు లేకుండానే చేశారు.

ఈ కథలో మొదటి కూలి, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ వంటి మందు. రెండోవాడు, సూరత్ మరమగ్గాల దగ్గర గంటల తరబడి నిలబడే మన తెలుగు కార్మికులు మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి గోలీ. ఆ గోలీ నొప్పితోపాటు కడుపు లోపలి పొరకు ఉన్న రక్షణనూ తగ్గిస్తుంది, ప్లేట్‌లెట్ల పనికీ అడ్డుపడుతుంది, అందుకే రెండూ కలిస్తే కడుపులో పుండు పడి రక్తం ఆగకుండా కారవచ్చు. రక్తం పలచబరిచే మందును మీకు మీరే మానకండి, ఏ నొప్పి గోలీ కొనాలన్నా ముందే ఆ మందు వాడుతున్న సంగతి చెప్పి డాక్టరును అడగండి, మలం తారులా నల్లగా కనిపిస్తే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.